‘సి#’ అని వెతికితే ‘సి’ ఎందుకొచ్చింది?

మీరో మినీ ప్రాజెక్టు చేశారనుకుందాం. ఉద్యోగాలు వెతికిపెట్టే వెబ్‌సైట్. పైన రెండు బాక్సులు. ఒకదాంట్లో స్కిల్, ఇంకోదాంట్లో ఊరు. పక్కన ‘సెర్చ్’ బటన్. డెమో రోజున ‘జావా’, ‘హైదరాబాద్’ అని టైప్ చేశారు. టకటకా జాబితా వచ్చేసింది. ఎక్స్‌టర్నల్‌గారు తలూపారు, రికార్డు మీద సంతకం పడింది, రెజ్యూమేలో ఒక లైన్ పెరిగింది.

వారం తర్వాత మీ క్లాస్‌మేట్ ఒకమ్మాయి అదే సైట్ తెరిచి ‘సి#’, ‘హైదరాబాద్’ అని కొట్టింది. వచ్చినవన్నీ ‘సి’ ఉద్యోగాలు. అవైనా హైదరాబాద్‌వా అంటే కాదు, పుణె, చెన్నై, నోయిడా... అన్ని ఊళ్లవీ ఉన్నాయి. ఇంకో అబ్బాయి ‘సి++’ అన్నాడు, ఒక్కటీ రాలేదు. మరొకరు ‘ఆర్&డి’ అన్నారు, ఆర్ లాంగ్వేజ్ ఉద్యోగాలు వచ్చాయి. ఎక్కడా ఎర్రర్ లేదు. సర్వర్ పడిపోలేదు. సైట్ చక్కగా పనిచేస్తూనే ఉంది. కాకపోతే తప్పు సమాధానం చెబుతోంది, అంతే.

ఆ ‘అంతే’ గురించే ఈ నాలుగు మాటలు. లింకు చివర డేటాను కలపడం చాలా చిన్న పని. ఒక్క లైను కోడ్. కానీ ఆ ఒక్క లైను మీరెలా రాశారో చూస్తే, రేపు మీకు నిజమైన పని అప్పగించొచ్చా లేదా అన్నది చాలావరకు తెలిసిపోతుందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, ఆ తర్వాత ఒప్పుకోవాలో వద్దో మీ ఇష్టం.

ప్రశ్న గుర్తు తర్వాత ఏముంది?

ఏదైనా సైట్‌లో వెతికాక పైన అడ్రస్ బార్ ఒకసారి చూడండి. మధ్యలో ఒక ప్రశ్న గుర్తు కనిపిస్తుంది. దాని తర్వాత ఉండే భాగమే క్వెరీ స్ట్రింగ్. అందులో డేటా జతలు జతలుగా ఉంటుంది. ఎడమవైపు కీ, కుడివైపు వాల్యూ, మధ్యలో ‘=’. ఒక జతకీ ఇంకో జతకీ మధ్య ‘&’. సులువు కోసం తెలుగులోనే రాస్తున్నాను:

?స్కిల్=జావా&ఊరు=హైదరాబాద్

ఇది మీకు కొత్తేం కాదు. రోజూ టీ కొట్టు దగ్గర స్కాన్ చేసే యూపీఐ క్యూఆర్ కోడ్‌లో ఉండేదీ ఇలాంటి లింకే. అందులో ‘పీఏ’ అనే కీ దగ్గర డబ్బు అందుకునేవారి యూపీఐ ఐడీ, ‘పీఎన్’ దగ్గర వారి పేరు, ‘ఏఎమ్’ దగ్గర మొత్తం, ‘సీయూ’ దగ్గర కరెన్సీ, ‘టీఎన్’ దగ్గర నోట్ ఉంటాయి. టీ కొట్టు గోడకి అంటించిన క్యూఆర్‌లో మామూలుగా ‘ఏఎమ్’ ఉండదు. అందుకే ఎంతో మీరే కొట్టాలి. బిల్లు తయారయ్యాక స్క్రీన్ మీద చూపించే క్యూఆర్‌లో ‘ఏఎమ్’ ఉంటుంది, కాబట్టి మొత్తం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. వాట్సాప్‌లో ముందే టైప్ చేసిన మెసేజ్‌తో చాట్ తెరిచే లింకులూ ఇంతే. అక్కడ కీ పేరు ‘టెక్స్ట్’.

అంటే మన ఫోన్లలో డబ్బు, మాట, వెతుకులాట అన్నీ ఈ చిన్న తోకలోనే ప్రయాణం చేస్తున్నాయి. దాన్ని కోడ్‌లో మనలో చాలామందిమి మొదట ఎలా కడతాం? ప్లస్ గుర్తుతో అతికించేస్తాం. ‘?స్కిల్=’ ప్లస్ స్కిల్ ప్లస్ ‘&ఊరు=’ ప్లస్ ఊరు. ‘జావా’ ఇస్తే పనిచేసింది కదా, ఇంక చాలనుకుంటాం.

మూడు గుర్తులు, మూడు తప్పులు

ఇప్పుడు మొదటి కథకి వద్దాం. ‘సి#’ ఇచ్చినప్పుడు అతికించిన లింకు ఇలా తయారైంది:

?స్కిల్=సి#&ఊరు=హైదరాబాద్

లింకులో ‘#’ అనే గుర్తుకి ముందే ఒక ఉద్యోగం ఉంది. దాని తర్వాత వచ్చేదంతా పేజీలో ఎక్కడికి వెళ్లాలో బ్రౌజర్ తనకోసం ఉంచుకునే భాగం. అది సర్వర్‌కి వెళ్లదు. కాబట్టి సర్వర్‌కి చేరింది ‘స్కిల్=సి’ వరకే. ఊరు దారిలోనే రాలిపోయింది. అందుకే దేశమంతటి సి ఉద్యోగాలూ వచ్చాయి.

‘సి++’ సంగతి వేరు. హెచ్‌టీఎంఎల్ ఫారాలు డేటా పంపే పద్ధతిలో ఖాళీని ‘+’గా రాయడం మొదటి నుంచీ ఉంది. అందుకని అవతల సర్వర్ ‘+’ కనిపించగానే దాన్ని ఖాళీగా చదువుకుంటుంది. మీరు పంపింది సి++, అది చదివింది సి, దాని పక్కన రెండు ఖాళీలు. ఆ పేరుతో ఏ స్కిల్లూ లేదు, జాబితా సున్నా.

‘ఆర్&డి’లో ఉన్న ‘&’ని సర్వర్ జతల మధ్య గోడ అనుకుంది. స్కిల్ అంటే ‘ఆర్’ అని రాసుకుంది. ‘డి’ అనేది ఇంకో కీ అనుకుని పక్కన పెట్టేసింది.

ఈ మూడింటికీ మూలం ఒక్కటే. కొన్ని గుర్తులు లింకుకి వ్యాకరణం లాంటివి. అవే గుర్తులు యూజర్ ఇచ్చే డేటాలోనూ వస్తాయి. ఏది వ్యాకరణం, ఏది డేటా అని అవతలివాడికి చెప్పాల్సిన బాధ్యత లింకు కట్టేవాడిది. చెప్పే పద్ధతే పర్సంట్ ఎన్‌కోడింగ్. డేటాలోని ‘&’ని %26 అని, ‘#’ని %23 అని, ఖాళీని %20 అని, ‘%’ని సైతం %25 అని రాస్తాం. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, చుక్క, అండర్‌స్కోర్, టిల్డె... వీటిని మాత్రం ఎక్కడైనా అలాగే ఉంచొచ్చు. 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3986 అనే ప్రామాణిక పత్రం ఈ సంగతంతా చెబుతుంది. దాని రచయితల్లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ ఒకరు.

నేను చేసిన తప్పు

ఇదంతా పుస్తకం చదివి చెబుతున్నది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అతికించినవాణ్నే. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వసూలు చేసే ఒక చిన్న అప్లికేషన్ అది. ప్రతి ఫ్లాట్‌కీ నెలనెలా యూపీఐ లింకు పంపాలి. నోట్‌లో ఫ్లాట్ నంబరు, ఆ తర్వాత మొత్తం. నేను ‘టెస్ట్’ అనే నోట్‌తో, వంద రూపాయలతో పది సార్లు పరీక్షించాను. పదిసార్లూ పనిచేసింది.

నిజం ఫ్లాట్ల వివరాలు వచ్చాక లింకు ఇలా తయారైంది: ‘టీఎన్=ఫ్లాట్ #302&ఏఎమ్=2500&సీయూ=...’. మన దగ్గర ఇంటి నంబరు ముందు ‘#’ పెట్టడం ఎంత మామూలో మీకు తెలుసు. గేటు మీద రాస్తాం, శుభలేఖ మీద వేస్తాం. ఆ ‘#’ దగ్గరే లింకు తెగిపోయింది. కొందరి ఫోన్లలో యాప్ తెరుచుకుంది కానీ మొత్తం ఖాళీగా ఉంది. వాళ్లు గుర్తున్నంత కొట్టారు. ఒకరు పాత నెల మొత్తం పంపారు, ఒకరు ఒక సున్నా తక్కువ కొట్టారు. నోట్‌లో ఫ్లాట్ నంబరూ లేదు కాబట్టి ఎవరి డబ్బు ఎవరిదో తెలియలేదు. అసోసియేషన్ ట్రెజరర్‌గారు రిటైర్డ్ మాస్టారు. ఆయన నోటుపుస్తకం ముందేసుకుని రెండు రోజులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సరిచూసుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. ‘బాబూ, మీరు చూసుకునే పంపారా?’ అని మాత్రం అడిగారు.

చూసుకునే పంపాను. కాకపోతే నేను చూసుకున్నది నా డేటాతో, వాళ్ల డేటాతో కాదు. కాలేజీ ప్రాజెక్టుకీ నిజమైన పనికీ ఉన్న తేడా నాకు ఆ రోజు తెలిసింది. ప్రాజెక్టులో ఇన్‌పుట్ ఇచ్చేది మనమే. ఉద్యోగంలో ఇన్‌పుట్ ఇచ్చేది ఊరు. ఊళ్లో ‘లక్ష్మి & సన్స్’ ఉంటుంది, ‘100% కాటన్’ ఉంటుంది, ‘+91’తో మొదలయ్యే ఫోన్ నంబరు ఉంటుంది, తెలుగులో టైప్ చేసిన చిరునామా ఉంటుంది. వీటిల్లో ఏదీ వింత కాదు. ల్యాబ్‌లో టైప్ చేసే ‘ఏబీసీ’, ‘123’లే వింత.

లైబ్రరీకి అప్పగించండి, కళ్లు మాత్రం తెరిచే ఉంచండి

పరిష్కారం కష్టమేం కాదు. డేటాని కీ-వాల్యూ జతలుగానే ఉంచుకుని, లింకుగా మార్చే పని ఆ భాషలో ఉన్న రెడీమేడ్ ఫంక్షన్‌కి ఇవ్వడమే. పైథాన్‌లో యూఆర్‌ఎల్‌లిబ్ ప్యాకేజీలో ‘యూఆర్‌ఎల్ఎన్‌కోడ్’ ఉంది. దానికి డిక్షనరీ ఇస్తే చాలు. జావాస్క్రిప్ట్‌లో ‘యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారమ్స్’ ఉంది. పీహెచ్‌పీలో ‘హెచ్‌టీటీపీ బిల్డ్ క్వెరీ’ ఉంది. జావా సొంత లైబ్రరీలో మాత్రం మ్యాప్ ఇస్తే మొత్తం కట్టి ఇచ్చే ఫంక్షన్ లేదు. ‘యూఆర్‌ఎల్ఎన్‌కోడర్’తో కీని, వాల్యూని విడివిడిగా మార్చుకుని మధ్యలో ‘=’, ‘&’ మనం పెట్టుకోవాలి. ఇక్కడ వరసే ప్రాణం. ముందు ఎన్‌కోడ్ చేసి ఆ తర్వాత కలపాలి. మొత్తం కలిపేశాక ఎన్‌కోడ్ చేద్దామంటే, ఏ ‘&’ మీదో, ఏ ‘&’ యూజర్‌దో అప్పటికే తెలియకుండా పోతుంది.

చాలామంది జావాస్క్రిప్ట్‌లో పడే గోతి ఇదే. ‘ఎన్‌కోడ్‌యూఆర్ఐ’ అని ఒక ఫంక్షన్ ఉంది, ‘ఎన్‌కోడ్‌యూఆర్ఐకాంపొనెంట్’ అని ఇంకోటి ఉంది. మొదటిది పూర్తి లింకు కోసం. కాబట్టి ‘&’, ‘=’, ‘#’, ‘?’లను ముట్టుకోదు. రెండోది ఒక్కొక్క వాల్యూ కోసం. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయని వాల్యూకి మొదటిది వాడితే, ఎన్‌కోడ్ చేశామన్న తృప్తి మిగులుతుంది కానీ ‘సి#’ మళ్లీ తెగిపోతుంది.

ఇక లైబ్రరీ వాడినా మనం నిర్ణయించుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. అసలు ఆసక్తికరమైన భాగం ఇదేనని నాకనిపిస్తుంది.

మొదటిది, జాబితాలు. యూజర్ రెండు స్కిల్స్ ఎంచుకున్నారు, జావా, పైథాన్. ఎలా పంపాలి? ‘స్కిల్=జావా&స్కిల్=పైథాన్’ అని కీని రెండుసార్లు రాయొచ్చు. పీహెచ్‌పీ వాళ్లు కీ పక్కన చదరపు బ్రాకెట్లు పెడతారు. కొన్ని ఏపీఐలు కామాతో కలిపి పంపమంటాయి. అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు. పైథాన్ యూఆర్‌ఎల్ఎన్‌కోడ్‌కి లిస్టు ఇచ్చి ‘డూసీక్’ అనే ఆప్షన్ ఆన్ చేయకపోతే, ఆ లిస్టుని బ్రాకెట్లు, కోట్‌లతో సహా ఒకే వాల్యూగా మార్చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్‌లో పెట్టిన అర్రే కామాలతో అతుక్కుపోతుంది. అవతలి ఏపీఐ ఏది కోరుతోందో దాని డాక్యుమెంటేషన్ చదివి తెలుసుకోవడమే దారి.

రెండోది, ఖాళీలు. ఊరు ఎంచుకోలేదు. మీ కోడ్‌లో ఆ వాల్యూ ‘నన్’గానో ‘అన్‌డిఫైన్డ్’గానో ఉంది. పైథాన్ యూఆర్‌ఎల్ఎన్‌కోడ్ ఊరి పేరు ‘నన్’ అని రాసి పంపేస్తుంది. జావాస్క్రిప్ట్ ‘అన్‌డిఫైన్డ్’ అనే ఊరిని వెతకమంటుంది. పీహెచ్‌పీ ఫంక్షన్, పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ ఆ కీని అసలు పంపవు. ఊరు లేకపోవడం వేరు, ఊరి దగ్గర ఖాళీ స్ట్రింగ్ ఉండటం వేరు. ఏది పంపాలన్నది ముందే అనుకోవాలి.

మూడోది, ఖాళీ గుర్తు. యూఆర్‌ఎల్ఎన్‌కోడ్, యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారమ్స్, హెచ్‌టీటీపీ బిల్డ్ క్వెరీ, యూఆర్‌ఎల్ఎన్‌కోడర్... నాలుగూ మామూలుగా ఖాళీని ‘+’గానే రాస్తాయి. ఎన్‌కోడ్‌యూఆర్ఐకాంపొనెంట్ %20 రాస్తుంది. వెబ్ సర్వర్లు చాలావరకు రెండూ అర్థం చేసుకుంటాయి. కానీ ‘+’ని ప్లస్‌గానే చదివేవీ ఉన్నాయి. అప్పుడు పేరు ‘శ్రీ+లక్ష్మి’ అని కనిపిస్తుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ సిగ్నేచర్ వెర్షన్ 4 లాంటి చోట్ల ఖాళీని %20గానే రాయాలి. పైగా కీలను వరస క్రమంలో పేర్చాలి. లేదంటే సంతకం సరిపోలేదని రిక్వెస్ట్ వెనక్కి వస్తుంది. గో భాష తన క్వెరీ స్ట్రింగ్‌ని కీల వరసలోనే పేర్చి ఇస్తుంది. జావా హ్యాష్‌మ్యాప్ అయితే ఏ వరసకీ హామీ ఇవ్వదు.

నాలుగోది, రెండుసార్లు ఎన్‌కోడ్ చేయడం. మీరు ఖాళీని %20గా మార్చి ఇచ్చారు. మీకు తెలియకుండా లైబ్రరీ కూడా ఆ పని చేసింది. అప్పుడు అందులోని ‘%’ మళ్లీ %25 అయి, చివరికి %2520 తేలుతుంది. ఎప్పుడైనా లింకులో %25 తర్వాత 20 కనిపించిందంటే ఎక్కడో ఇద్దరు ఒకే పని చేశారని అర్థం.

ఐదోది, మన తెలుగు. ‘తెలుగు’ అనే మాట మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో ఆరు గుర్తులు. త, దాని ఎత్వం, ల, దాని కొమ్ము, గ, దాని కొమ్ము. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. ఒక్కో బైటుని శాతం గుర్తుతో కలిపి మూడు క్యారెక్టర్లుగా రాయాలి కాబట్టి లింకులో 54 క్యారెక్టర్లు. మూడక్షరాల మాటకే 54! పెద్ద తెలుగు మెసేజ్‌ని లింకులో పెట్టాలనుకున్నప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఒకప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2083 క్యారెక్టర్లు దాటిన లింకును తీసుకునేదే కాదు. ఇవాళ్టి బ్రౌజర్లు ఎక్కువే మోస్తాయి కానీ మధ్యలో ఉండే సర్వర్లకి తమ తమ హద్దులున్నాయి. పెద్ద డేటాకి పోస్ట్ రిక్వెస్ట్ వాడటమే మేలు.

దొంగ తాళంచెవి కూడా ఇదే

తప్పు డేటా రావడం ఒక ఎత్తు. కావాలని పంపడం ఇంకో ఎత్తు. మీ కోడ్ యూజర్ పేరుని నేరుగా అతికించి వేరే సర్వీసుకి పంపుతోందనుకోండి. తుంటరివాడొకడు పేరు బాక్సులో ‘రమ్య&రోల్=అడ్మిన్’ అని కొట్టాడు. మీరు పంపని ఒక కొత్త జత అవతలికి చేరింది. ఇప్పటికే ‘రోల్=యూజర్’ అని మీరు పంపుతున్నా సరే, ఒకే కీ రెండుసార్లు వస్తే ఎవరి మాట చెల్లుతుంది? పీహెచ్‌పీ, జాంగో చివరిదాన్ని తీసుకుంటాయి. ఫ్లాస్క్, జావా సర్వ్‌లెట్లు మొదటిదాన్ని ఇస్తాయి. ఇద్దరి మధ్య ఈ తేడాని వాడుకునే దాడికి పారామీటర్ పొల్యూషన్ అనే పేరే ఉంది. వాల్యూని ఎన్‌కోడ్ చేసి ఉంటే ఇదంతా ఒక విచిత్రమైన పేరుగా మిగిలిపోయేది, అంతకు మించి ఏమీ జరిగేది కాదు.

ఇంకో సంగతి. ఎన్‌కోడింగ్ వేరు, ఎన్‌క్రిప్షన్ వేరు. శాతం గుర్తులు చూసి అదేదో రహస్య భాష అనుకునేవాళ్లను ఇంటర్వ్యూల్లో చాలామందిని చూశాను. దాన్ని ఎవరైనా ఒక్క క్షణంలో విప్పేయొచ్చు. లింకు బ్రౌజర్ హిస్టరీలో ఉంటుంది, సర్వర్ లాగ్‌లో పడుతుంది, కాపీ చేసి గ్రూపుల్లో పంచేస్తారు. కాబట్టి పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ నంబరు లాంటివి క్వెరీ స్ట్రింగ్‌లో పెట్టకూడదు. అలాగే లింకులో వచ్చిన ధరని సర్వర్ నమ్మకూడదు. 2500ని 25గా మార్చడానికి హ్యాకర్ అక్కర్లేదు, బ్యాక్‌స్పేస్ చాలు.

‘ఏఐ రాసిపెడుతుంది కదా!’

ఈ మాట మీరు అంటారని తెలుసు. నిజమే, రాసిపెడుతుంది. చాలాసార్లు సరిగ్గానే రాస్తుంది. కొన్నిసార్లు అతికించేస్తుంది కూడా. ఎందుకంటే అది చదివిన కోడ్‌లో అతికించిన లైన్లూ బోలెడు. రెండూ ‘జావా’, ‘హైదరాబాద్’ ఇస్తే ఒకేలా పనిచేస్తాయి. ఏది సరైందో చూడగానే పట్టుకోవాల్సింది మీరే. రాసే పని తగ్గేకొద్దీ చదివి తప్పు పట్టే పని పెరుగుతుంది. ఆ పని చేయలేనివారికి జీతం ఇవ్వాల్సిన అవసరం ఏమిటని కంపెనీ అడిగితే మన దగ్గర జవాబుండాలి.

ఇంకో అభ్యంతరం కూడా న్యాయమైందే. ‘సార్, రౌండ్లలో అడిగేది అర్రేలు, ట్రీలు, గ్రాఫులు. క్వెరీ స్ట్రింగ్ ఎవరు అడుగుతారు?’ ఒప్పుకుంటాను. ఆ సాధన మానేయమని చెప్పను. గేటు దాటాలంటే టికెట్ కావాలి. అయితే లోపలికి వెళ్లాక మొదటి వారంలో మీ చేతికొచ్చే పని బైనరీ ట్రీని తిరగేయడం కాకపోవచ్చు. ‘ఫలానా ఏపీఐని పిలిచి ఈ ఫిల్టర్లు పంపు’ అనే టికెట్ రావడానికే అవకాశం ఎక్కువ. నేను ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు వాళ్ల ప్రాజెక్టులోని సెర్చ్ బాక్సే చూపించి ‘ఇందులో & టైప్ చేస్తే ఏమవుతుంది?’ అని అడుగుతాను. జవాబు తెలియాలని కాదు. కొందరు ‘అలా ఎవరూ టైప్ చేయరు సార్’ అంటారు. కొందరు ఒక్క క్షణం ఆగి, ‘చూడలేదు సార్, కానీ బహుశా అక్కడ తెగిపోతుంది’ అంటారు. ఆ రెండోవాళ్లతో నేను పనిచేయగలను.

మన చదువులో ‘అవుట్‌పుట్ వచ్చిందా?’ అనే ప్రశ్న ఒక్కటే నేర్పించారు. రికార్డులో అవుట్‌పుట్ రాయడానికి ఓ ఖాళీ ఉంటుంది, ‘ఏ ఇన్‌పుట్‌కి ఇది చెడిపోతుంది?’ అని రాయడానికి ఖాళీ ఉండదు. ఆ తప్పు మీది కాదు. కానీ దాన్ని దిద్దుకోవాల్సింది మాత్రం మీరే, ఎందుకంటే ఉద్యోగం కావాల్సింది మీకు.

ఈ ఆదివారం రెండు గంటలు

కోర్సు కొనక్కర్లేదు. మీకొచ్చిన భాష ఏదైనా సరే, ఇలా చేసి చూడండి.

మీ పాత ప్రాజెక్టు తెరవండి. అందులో లింకుని ప్లస్‌తో అతికించిన చోట్లన్నీ వెతకండి. ఒక్కటీ దొరకలేదంటే మీరు అదృష్టవంతులు, లేదా సరిగ్గా వెతకలేదు.

ఒక కాగితం మీద ఈ వాల్యూలు రాసుకోండి: సి++, సి#, ఆర్&డి, 100%, ఎ=బి, ఫ్లాట్ #302, +91తో ఒక నంబరు, మీ పూర్తి పేరు తెలుగులో, ఖాళీ స్ట్రింగ్, రెండు మాటల జాబితా. ఒక్కొక్కటీ పాత కోడ్‌కి ఇచ్చి ఏమవుతుందో పక్కన రాయండి.

తర్వాత లైబ్రరీ ఫంక్షన్‌తో మార్చి మళ్లీ ఇవ్వండి. తయారైన లింకుని అదే భాషలో ఉన్న పార్సర్‌తో విప్పి, ఇచ్చిందీ వచ్చిందీ ఒకటేనా అని పోల్చే చిన్న టెస్ట్ రాయండి. వెళ్లింది వెళ్లినట్టు తిరిగి రావాలి. ఈ ఒక్క టెస్ట్ పైన చెప్పిన తప్పుల్లో చాలావాటిని పట్టేస్తుంది.

మూల లింకులో ముందే ‘?’ ఉంటే ఏం చేస్తున్నారో చూడండి. రెండో ‘?’ పెట్టేస్తున్నారా? చివర ‘#’ భాగం ఉంటే మీ జతలు దాని తర్వాత పడుతున్నాయా? పడితే అవి సర్వర్‌కి చేరవు.

ఓపికుంటే మీ వీధిలో కిరాణా కొట్టుకి, దుకాణం పేరు, మొత్తం, నోట్ ఇస్తే యూపీఐ లింకు తయారుచేసే చిన్న పేజీ కట్టండి. ముందు మీ సొంత ఐడీతో ఒక్క రూపాయి లింకు చేసుకుని, రెండు మూడు యాప్‌లలో తెరిచి చూసుకున్నాకే వాళ్లకి ఇవ్వండి. కొట్టు పేరులో ‘&’ ఉంటే మరీ మంచిది.

ఇది రెజ్యూమేలో ఎలా రాయాలి? ‘జాబ్ సెర్చ్ వెబ్‌సైట్ చేశాను’ అనే లైను పక్కన, ‘ప్రత్యేక గుర్తులు, తెలుగు, జాబితాలు, ఖాళీ వాల్యూలతో పరీక్షించాను’ అని ఇంకో లైను చేర్చండి. ఎవరైనా ‘అంటే ఏం చేశారు?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఆ కాగితం ఉంటుంది. చేసి చూసినవారి గొంతు వేరుగా ఉంటుంది, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది.

ఆ రిటైర్డ్ మాస్టారు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ కోడ్ పంపే ముందు వినిపిస్తుంది. ‘బాబూ, చూసుకునే పంపారా?’ ఇప్పుడైతే పంపే ముందు వాళ్ల ఫ్లాట్ నంబరుతోనే ఒకసారి చూసుకుంటున్నాను. మీరు ఉద్యోగంలో చేరాక నేర్చుకోనక్కర్లేదు. ఈ ఆదివారమే చూసుకోండి.